పిల్లల చేతి కార్డులు

సంక్రాంతి, ఉగాది, దీపావళి వచ్చినపుడు దూరముననున్న పెద్దలకు శుభాకాంక్షలు తెలుపుట మన యిండ్లలోని మర్యాద. నేడీ మర్యాద చేతిలోని ఫోనుతో నిమిషములో ముగియుచున్నది. ఒకరు పంపిన బొమ్మనే పదుగురకు పంపుచున్నాము. అందుకొన్నవారును చూచి మఱచుచున్నారు. ఇందు పిల్లలు చేయునది యేమియు లేదు. ఇది చిన్న లోపమని మేము తలపజాలము.

అచ్చుకార్డు పుట్టుకలోనే యీ తొందర కలదు. 1843లో లండను నగరమున హెన్రీ కోల్ అను నాతడు, క్రిస్మస్ పండుగకు మిత్రులందఱికి వేఱువేఱుగ జాబులు వ్రాయ తీరిక లేక, హార్స్‌లీ యను చిత్రకారునిచే బొమ్మ గీయించి అచ్చు వేయించెను. తాను వాడుకొనగా మిగిలిన వానిని కార్డొకటికి షిల్లింగు చొప్పున అమ్మకమునకు పెట్టిరి.

దీనికి భిన్నమైన కథ యొకటి కలదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఛెకొస్లొవాకియా దేశమున ఏడేండ్ల బాలిక యొకతె, తమకు సాయపడిన యూనిసెఫ్ సంస్థవారికి కృతజ్ఞత తెలుపగోరి, కాగితము దొరకక గాజుపలకపై చిత్రము వ్రాసెను. 1949లో ఆ చిత్రమే యూనిసెఫ్ వారి మొదటి శుభాకాంక్షల కార్డయ్యెను. మొదటిది తీరిక లేక పుట్టినది; ఈ రెండవది చెప్పవలసిన మాట యుండుటచే పుట్టినది. మన పిల్లలకు నేర్పదగినది రెండవ మార్గమే.

దీనికి వ్యయ మక్కఱలేదు. దళసరి కాగితమును నడుమకు మడచిన కార్డగును. బెండకాయను అడ్డముగ కోసి, రంగులో ముంచి యద్దిన పువ్వు పడును. రావియాకు వెనుకవైపున రంగు పూసి కాగితముపై నొత్తిన ఈనెలన్నియు దిగును. పసుపు కలిపిన నీరు పచ్చరంగు. అందు రవంత సున్నము చేర్చిన, మనము హారతికి చేయు ఎఱ్ఱనీరగును. సున్నము కంట బడిన ప్రమాదము గనుక ఆ పని తల్లియే చేయవలెను. పసుపురంగు ఎండకు వెలయును. కార్డును నీడనే ఆరబెట్టవలెను.

ఇక ముఖ్యమైన సంగతి. తల్లి చేయి బొమ్మపై పడరాదు. వంకర గీతను సరిదిద్దినచో, కార్డు అందమగునేమో గాని బిడ్డది కాకపోవును. "శుభాకాంక్షలు" అని పలకపై వ్రాసియిచ్చి దింపించుటకంటె, "అమ్మమ్మ నీకేమి చేసి పెట్టినది? ఆమెకేమి చెప్పెదవు?" అని యడుగుడు. "అమ్మమ్మా, నీ సున్నుండలు అయిపోయినవి, మరల ఎప్పుడు వచ్చెదవు?" అని వ్రాసినను, అక్షరదోషములతోనే పంపుడు. ఆ ప్రశ్నతో బిడ్డ తనకొఱ కొరులు పడిన శ్రమను తలచుట నేర్చును.

కార్డు వెనుక బిడ్డ వయస్సు, సంవత్సరము వేయుట మఱువకుడు. దానిని తపాలాపెట్టెలో బిడ్డచేతనే వేయింపుడు. అందుకొనిన పెద్దలకును మా మనవి యొకటి: రెండు పంక్తులైనను స్వహస్తముతో బదులు వ్రాయుడు. తన పేర నొక యుత్తరము వచ్చినదని తెలిసిన బిడ్డ, మఱుసటి పండుగకు మనము చెప్పకయే కాగితము తెచ్చి కూర్చుండును.