టేబుల్ మీద పనిచేసిన సర్క్యూట్ గోడకెక్కగానే ఎందుకు రీస్టార్ట్ అవుతోంది?

పోయిన ఎపిసోడ్‌లో వాటర్ ట్యాంక్ ఆటోమేటిక్ మోటార్ ప్రాజెక్ట్ చూపించాను కదా, ట్యాంక్ ఖాళీ అయితే మోటార్ ఆన్, నిండితే ఆఫ్. చాలామందికి నచ్చింది. ఇప్పుడు నిజం చెప్తా. ఆ ప్రాజెక్ట్ మా ఇంట్లో పెట్టిన నాలుగో రోజే మోటార్ పాడైపోయింది.

ఏం జరిగిందంటే, రాత్రి పదకొండు గంటలకి అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, పైనుంచి నీళ్లు కారిపోతున్నాయి, నీ మిషన్ ఆగట్లేదు రా" అని. నాన్న వెళ్లి మెయిన్ ఆపేసేసరికి సంపు మొత్తం ఖాళీ. నీళ్లు లేకుండా మోటార్ కాసేపు ఉత్తినే తిరిగింది, లోపల సీల్ పోయింది. ఆ నెలలో ట్యాంకర్ తెప్పించి నింపిన సంపు అది. నాన్న తిట్టలేదు. "స్విచ్ వేసుకోవడం నాకొచ్చులే" అని ఒక్క మాట అన్నారు. దానికంటే తిట్టినా బాగుండేది.

సరే, తప్పు ఎక్కడ జరిగిందో వెతికిన కథే ఈరోజు ఎపిసోడ్. ముందే ఒక మాట. ఇందులో 230 వోల్ట్ల వైపు ఉంది. నేను చేసిన టెస్టులన్నీ ఎంసీబీ దించి, మోటార్ వైర్లు విప్పేసి, 5 వోల్ట్ల వైపు మాత్రమే చేసినవి. మీరూ అలాగే చేయండి. దీంట్లో మాత్రం నేను జోక్స్ వేయను.

సర్క్యూట్ సింపుల్. ఒక ఈఎస్‌పీ 32 బోర్డ్, ఒక 5 వోల్ట్ల రిలే మాడ్యూల్, డాబా మీద ట్యాంక్‌లో ఒక ఫ్లోట్ స్విచ్, అక్కడి నుంచి కిందికి ఒక 15 మీటర్ల వైర్. పవర్ కోసం ఇంట్లో పడున్న పాత ఫోన్ చార్జర్, దానికో పొడవాటి యూఎస్‌బీ కేబుల్. టేబుల్ మీద వందసార్లు టెస్ట్ చేశా, ఒక్కసారి కూడా తప్పలేదు.

గోడకి పెట్టాక నేను గమనించనిది ఏంటంటే, మోటార్ ఆన్ అయ్యేటప్పుడు అప్పుడప్పుడు "టక్, టక్, టక్" అని మూడు నాలుగు సార్లు కొట్టుకుని ఆ తర్వాత నిలబడేది. అమ్మ చెప్పింది కూడా. రిలే సౌండ్ అలాగే ఉంటుందిలే అన్నాను. అదే మొదటి తప్పు. సర్క్యూట్ ఏదైనా కొత్త శబ్దం చేస్తే అది మీతో మాట్లాడుతోందన్నమాట.

ఇక నేను సాఫ్ట్‌వేర్ వాడిని కదా, మొదట చేసిన పని కోడ్ మార్చడం. డీలే పెట్టాను, లైబ్రరీ మార్చాను, రెండు సాయంత్రాలు దానికే పోయాయి. ల్యాప్‌టాప్‌కి పెట్టి చూస్తే అంతా సూపర్‌గా పనిచేస్తుంది. తీసుకెళ్లి గోడకి పెడితే మళ్లీ టక్ టక్.

ఇక్కడ కాస్త ఆగండి, అసలు పాయింట్ ఇదే. ల్యాప్‌టాప్‌కి పెట్టినప్పుడు పవర్ ఎక్కడి నుంచి వస్తోంది? ల్యాప్‌టాప్ నుంచి. అంటే టెస్ట్ చేద్దామని కేబుల్ మార్చగానే నేను సర్క్యూట్‌నే మార్చేస్తున్నా. జ్వరం చూద్దామని థర్మామీటర్ పెట్టగానే జ్వరం దాక్కున్నట్టు.

మరి ల్యాప్‌టాప్ లేకుండా లోపల ఏం జరుగుతోందో తెలిసేదెలా? ఈఎస్‌పీ 32కి ఒక మంచి అలవాటు ఉంది. రీస్టార్ట్ అయినప్పుడు ఎందుకు అయిందో గుర్తుపెట్టుకుంటుంది. ఈఎస్‌పీ రీసెట్ రీజన్ అనే ఫంక్షన్‌ని అడిగితే ఒక నంబర్ ఇస్తుంది. మామూలుగా పవర్ ఇచ్చినప్పుడు 1. సప్లై వోల్టేజ్ పడిపోయి రీసెట్ అయితే 9, దాన్ని బ్రౌనౌట్ అంటారు. స్టార్ట్ అవగానే ఆ నంబర్ ఎంతో అన్నిసార్లు బోర్డ్ మీద ఎల్ఈడీ వెలిగేలా రాశాను. గోడకి పెట్టి, మోటార్ వైర్లు లేకుండానే రిలే ఆన్ చేయించా. టక్. ఎల్ఈడీ లెక్కపెట్టా, తొమ్మిది.

అంటే కోడ్ తప్పు కాదు, కరెంట్ చాలట్లేదు. రెండు సాయంత్రాలు గంగలో కలిశాయి.

ఇప్పుడు మల్టీమీటర్ తీశా. చార్జర్ దగ్గర 5.1 వోల్ట్లు. కేబుల్ ఇంకో చివర, బోర్డ్ దగ్గర, రిలే ఆన్‌లో ఉండగా 4.7. చూడ్డానికి బాగానే ఉంది కదా? నేనూ అలాగే అనుకున్నా. కానీ లెక్క వేయండి. రిలే కాయిల్ దాదాపు 70 మిల్లీఆంప్స్ లాగుతుంది. బోర్డ్‌తో కలిపి సగటున 0.2 ఆంప్స్ అనుకుందాం. 0.4 వోల్ట్లు పోయాయంటే ఓమ్స్ లా ప్రకారం కేబుల్ దారిలో దాదాపు 2 ఓమ్స్ ఉన్నాయి. వైఫై సిగ్నల్ పంపే క్షణంలో కరెంట్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది 0.45 ఆంప్స్‌కి వెళ్లిందనుకోండి, 0.9 వోల్ట్లు కేబుల్‌లోనే పోతాయి. బోర్డ్‌కి చేరేది 4.2. ఇలాంటి బోర్డుల మీద ఎక్కువగా ఉండే 1117 రకం రెగ్యులేటర్‌కి 3.3 వోల్ట్లు ఇవ్వాలంటే పైన ఇంకో 1.1 దాకా కావాలి, అంటే 4.4. అక్కడే కూలబడింది.

మరి మీటర్ ఎందుకు చూపించలేదు? చవక మల్టీమీటర్ సెకనుకి రెండు మూడు సార్లే రీడింగ్ మారుస్తుంది. వైఫై బర్స్ట్ మిల్లీసెకన్లలో అయిపోతుంది. మీటర్ అబద్ధం చెప్పలేదు, దానికి కనిపించలేదంతే.

ఇక గొలుసంతా అర్థమైంది. రిలే ఆన్ అవుతుంది, వోల్టేజ్ పడుతుంది, బోర్డ్ రీసెట్, రిలే ఆఫ్. బోర్డ్ మళ్లీ లేస్తుంది, ట్యాంక్ ఖాళీగా ఉందే అనుకుంటుంది, రిలే ఆన్. టక్ టక్ టక్. మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంట్ లాగుతుంది. ఆ కరెంట్‌ని మాటిమాటికీ కలుపుతూ, తెంపుతూ ఉంటే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలు వస్తాయి. నాలుగో రోజు ఆ రెండు కాంటాక్టులు వెల్డింగ్ అయిపోయి అతుక్కున్నాయి. ఇక కోడ్ ఎంత ఆఫ్ అని అరిచినా మోటార్ ఆగదు. విప్పి చూస్తే నిజంగానే నల్లగా అతుక్కుని ఉన్నాయి. ఒక సన్నటి కేబుల్ వల్ల సంపు ఖాళీ అయిందండీ.

బాగుచేయడం గురించి. మొదట కేబుల్: పొట్టిది, లావుది. ఒక్క కేబుల్ మార్చగానే తొమ్మిది సార్లు వెలగడం ఆగిపోయింది. మిగతావి నేను ఆ తర్వాత ఒక్కొక్కటిగా చేశా, ఒక్కోటి మార్చి ఒక రోజు ఆగి చూశా. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు. రిలేకి పవర్ బోర్డ్ గుండా కాకుండా సప్లై దగ్గర నుంచే విడిగా వైర్ లాగా. గ్రౌండ్ మాత్రం రెండింటికీ కామన్. బోర్డ్ 5 వోల్ట్ల పిన్ దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, 16 వోల్ట్లది. ప్లస్ మైనస్ చూసి పెట్టండి, తిరగేస్తే పేలుతుంది.

అన్నట్టు, ఎవరిని అడిగినా "కెపాసిటర్ పెట్టు బ్రో" అంటారు. నాకది అంతగా నచ్చదు. లెక్క చూడండి, 0.25 ఆంప్స్ అదనంగా ఒక్క మిల్లీసెకన్ లాగితేనే 470 మైక్రోఫారడ్ దగ్గర సగం వోల్ట్ పైనే పడిపోతుంది. చిన్న కుదుపుని ఆపుతుందేమో గానీ, పాడు కేబుల్‌ని బాగుచేయదు. ఇంకోటి, మాడ్యూల్ కాకుండా విడి రిలే వాడేవాళ్లు కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ పెట్టండి, గీత ఉన్న వైపు ప్లస్‌కి.

ఇంతా చేశాక ఇంకో దెయ్యం బయటపడింది. మోటార్ స్టార్ట్ అయిన రెండు సెకన్లకే "ట్యాంక్ ఫుల్" అని ఆగిపోయేది. ఇది మాత్రం నా కోడ్ తప్పే. ఫ్లోట్ స్విచ్‌ని 34వ పిన్‌కి కలిపి, కోడ్‌లో ఇన్‌పుట్ పుల్అప్ అని రాసేశా. ఈఎస్‌పీ 32లో 34 నుంచి 39 దాకా పిన్స్‌కి లోపల పుల్అప్ ఉండనే ఉండదు. రాసినా ఎర్రర్‌తో ఆపదు, పుల్అప్ మాత్రం రాదు. అంటే స్విచ్ తెరుచుకున్నప్పుడు ఆ పిన్ గాల్లో వేలాడుతోంది. దానికి తోడు 15 మీటర్ల వైర్ యాంటెనా లాగా మోటార్ వైర్ పక్కనే, ఒకే పైపులో. బయట 3.3 వోల్ట్లకి 1 కిలో ఓమ్ రెసిస్టర్, పిన్ దగ్గర గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టా. వైర్‌ని వేరే పైపులోకి మార్చా. కోడ్‌లో రెండు సెకన్లు వరసగా అదే రీడింగ్ వస్తేనే నమ్మమన్నా.

ఫ్లోట్‌ని కూడా తిరగేశా. ఇప్పుడు ట్యాంక్ ఖాళీ అయితే స్విచ్ మూసుకుంటుంది, నిండితే తెరుచుకుంటుంది. ఎందుకంటే మా డాబా మీదికి కోతులొస్తాయి. అవి వైర్ తెంపితే బోర్డ్‌కి అది "ఫుల్" లాగే కనిపిస్తుంది, మోటార్ ఆగిపోతుంది. నీళ్లు రాకపోతే అమ్మ ఫోన్ చేస్తుంది, అంతే కదా.

చివరిది 230 వోల్ట్ల వైపు. రిలే మీద 10 ఆంప్స్ అని రాసుంటే అది మోటార్లకి కూడా అనుకోకండి. ఇప్పుడు ఆ చిన్న రిలే ఒక కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే ఆన్ చేస్తుంది, మోటార్ బరువంతా కాంటాక్టర్ మోస్తుంది. ఆ వైరింగ్ నేను ముట్టుకోలేదు, ఎలక్ట్రీషియన్ అన్నతో చేయించాను. కోడ్‌లో ఇంకో రెండు లైన్లు: ఒకసారి ఆగితే ఒక నిమిషం దాకా మళ్లీ ఆన్ అవ్వకూడదు, 25 నిమిషాలు దాటితే ఫ్లోట్ ఏం చెప్పినా ఆపేయాలి. మా ట్యాంక్ 18 నిమిషాల్లో నిండుతుంది, మీది చూసుకుని పెట్టుకోండి.

సంపులో నీళ్లు లేకపోతే అసలు ఆన్ అవ్వకుండా చేసే సెన్సర్ ఇంకా పెట్టలేదు, అది నెక్స్ట్ ఎపిసోడ్. అప్పటిదాకా నాన్న పొద్దున్నే సంపు మూత తీసి చూసుకుని, ఆ తర్వాతే నా బోర్డ్‌కి పవర్ ఇస్తున్నారు.