ఇకిగాయ్‌లో జీతం లెక్క లేదు

ఇకిగాయ్ అనే జపాన్ మాట ఈమధ్య మన కాలేజీలో కూడా బాగా వినిపిస్తోంది. కెరీర్ క్లాసుల్లో, ఫోన్లో వచ్చే వీడియోల్లో ఒక బొమ్మ చూపిస్తారు. ఒకదాని మీదికి ఒకటి వచ్చే నాలుగు వృత్తాలు. నీకు ఇష్టమైనది, నీకు బాగా వచ్చినది, లోకానికి కావలసినది, డబ్బు తెచ్చేది. నాలుగూ కలిసే నడిమి చోటే నీ ఇకిగాయ్ అంటారు. అది దొరికితే నూరేళ్లు హాయిగా బతుకుతావని కూడా చెప్తారు.

తెలుగు మెయిన్ తీసుకున్న మనకు ఈ బొమ్మతో ఒక చిక్కుంది. మొదటి వృత్తం సులువుగా నిండుతుంది. నాలుగో దాని దగ్గర పెన్ను ఆగిపోతుంది. "తమిళనాడులో ఉండి తెలుగు చదివి ఏం చేస్తావు?" అని చుట్టాలు అడిగే ప్రశ్నే అక్కడా కూర్చుని ఉంటుంది. డబ్బు రాకపోతే మన బతుక్కి ఇకిగాయ్ లేనట్టేనా? ఇది తెలుసుకుందామనే ఈ మాట గురించి చదివాను.

మొదట ఆ బొమ్మ సంగతి. అది జపాన్‌ది కాదు. స్పెయిన్‌కు చెందిన ఆంద్రేస్ జుజునాగా జీవిత లక్ష్యం గురించి గీసిన బొమ్మ. 2014లో బ్రిటన్‌కు చెందిన మార్క్ విన్ దాని నడుమ ‘లక్ష్యం’ అన్న చోట ‘ఇకిగాయ్’ అని పెట్టారు. అక్కడినుంచి లోకమంతా పాకింది.

ఇక మాట సంగతి. ‘ఇకి’ అంటే బతకడం. ‘కాయ్’ అంటే విలువ, ఫలితం. రెండూ కలిసినప్పుడు కాయ్ కాస్తా గాయ్ అవుతుంది. మన గసడదవాదేశ సంధిలో ‘క’ ‘గ’ అయినట్టే! ఇదే కాయ్‌తో వాళ్లకు ఇంకో మాట కూడా ఉంది, ‘హతారకిగాయ్’. ఉద్యోగం చేసినందుకు కలిగే తృప్తి అని అర్థం. ఉద్యోగానికి విడిగా ఒక మాట ఉందంటే, ఇకిగాయ్ దానికంటే పెద్దదనే కదా. జపాన్‌లో ఒక ముసలమ్మ తన మనవడే తన ఇకిగాయ్ అనవచ్చు, ఇంకొకరు పెరటి తోట అనవచ్చు. జీతం అడిగేవాళ్లెవరూ ఉండరు.

ఈ మాటను లోతుగా పరిశీలించిన మనిషి మియెకో కామియా (1914–1979). ఆమె మానసిక వైద్యురాలు. మనలాగే ఆడపిల్లల కాలేజీలో చదివారు, తర్వాత ఆ త్సుదా కాలేజీలోనే పాఠాలు చెప్పారు. 1966లో ఇకిగాయ్ మీద ఆమె రాసిన పుస్తకం వచ్చింది. ఆమెను ఆ పుస్తకానికి నడిపించింది నగషిమా దీవిలోని కుష్ఠురోగుల ఆసుపత్రి.

1930లో తెరిచిన ఆ ఆసుపత్రిలో రోగులను ఇంటినుంచి విడదీసి ఉంచేవారు. ఇంటివాళ్లకు మచ్చ రాకూడదని చాలామంది పేరు కూడా మార్చుకున్నారు. రోగానికి మందు వచ్చాక కూడా చట్టం మారలేదు. ఒడ్డుకు అతి దగ్గరలో ఉన్న ఆ దీవికి 1988 దాకా వంతెనే లేదు. రోగులను విడిగా ఉంచే చట్టం 1996లో గానీ రద్దు కాలేదు.

అక్కడ కామియా గమనించిందేమంటే, అందరి కష్టమూ ఒకటే అయినా అందరి మనసూ ఒకటి కాదు. కొందరు ఎందుకు బతకాలి అని కుంగిపోయారు. కొందరిలో మాత్రం బయట ఆరోగ్యంగా తిరిగేవాళ్లలో కూడా కనిపించని ఉత్సాహం ఉంది. చూపు పోయిన రోగులు కలిసి హార్మోనికా బృందం పెట్టుకున్నారు. కవిత్వం రాసినవాళ్లున్నారు. వాళ్లను ఆ నాలుగు వృత్తాలు నింపమంటే ఏం రాస్తారు?

కామియా ఇకిగాయ్‌ను రెండుగా చూశారు. ఒకటి, మనకు బతుకు మీద ఇష్టం కలిగించే వస్తువు, మనిషి లేక పని. రెండోది, దానివల్ల లోపల కలిగే భావం. ఆ భావంలో రేపటి మీద ఎదురుచూపు ఉండాలంటారు. అయితే ఒక మాట మరచిపోకూడదు. రోగుల్లో కొందరు సంతోషంగా ఉన్నారు కాబట్టి వాళ్లను బంధించడం తప్పు కాదని ఎవరూ అనలేరు. ఇకిగాయ్ అన్యాయానికి సర్దుబాటు కాదు.

మా ఇంట్లో తెలుగు, తమిళం రెండూ నడుస్తాయి కాబట్టి, దీన్ని మనం ఏమంటామా అని ఆలోచించాను. ‘జీవిత పరమార్థం’ అంటే మరీ పెద్దగా, పూజగదిలో మాటలా ఉంది. ‘ఆశ’ అంటే చాలదు. తమిళంలో ‘పిడిప్పు’ అని ఒక మాట ఉంది. పట్టు అని అర్థం. మా తాత పోయాక అవ్వను చూడ్డానికి వచ్చినవాళ్లు "ఏదావదు ఒరు పిడిప్పు వేణుం" అనేవారు, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి అని. అవ్వకు అది కనకాంబరం తొట్లు. నీళ్లు పోయాలని ఐదింటికే లేస్తుంది. ఇకిగాయ్‌కి నాకు దొరికిన దగ్గరి మాట ఇదే.

మరి ఆయుష్షు సంగతి? జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 40 నుంచి 79 ఏళ్ల వయసున్న 43,391 మందిని 1994లో "మీకు ఇకిగాయ్ ఉందా?" అని అడిగి, ఏడేళ్లు గమనించారు. లేదన్నవాళ్లలో మరణాలు ఎక్కువ, ముఖ్యంగా గుండె, రక్తనాళాల జబ్బులతో. క్యాన్సర్ విషయంలో మాత్రం అలాంటి తేడా కనిపించలేదు. కాబట్టి ఇకిగాయ్ మేలు చేస్తుందేమో గానీ, అది అమృతం కాదు. దీర్ఘాయువుకు పేరుపడ్డ ఒకినావానే చూడండి. మగవాళ్ల ఆయుష్షులో ఆ ప్రాంతం 2000లో జపాన్‌లోని 47 ప్రాంతాల్లో 26వ స్థానానికి పడిపోయింది. పాత తిండి పోయి మాంసం, కొవ్వు, ఫాస్ట్‌ఫుడ్ పెరగడం, నడక తగ్గడం కారణాలంటారు. మనసు ఒక్కటే చాలదు, అన్నం, నడక కూడా కావాలి.

ఉద్యోగం మనకు కావాలి, అందులో సందేహం లేదు. ఫీజు కట్టిన అమ్మానాన్నలకు మనం జవాబు చెప్పాలి. కానీ ఆ వెతుకులాట పేరు ఉద్యోగం వెతకడం. దానికి ఇకిగాయ్ అని పేరు పెడితే, ఉద్యోగం ఆలస్యమైన ప్రతి అమ్మాయీ తన బతుక్కే విలువ లేదనుకుంటుంది. ఈసారి ఎవరైనా ఆ బొమ్మ ఇస్తే నాలుగో వృత్తాన్ని ఖాళీగా వదిలి, పక్కన ఒక ప్రశ్న రాసుకోండి: రేపు పొద్దున దేనికోసం నాకు లేవబుద్ధి అవుతుంది? జవాబు చిన్నదైనా ఫరవాలేదు. ఈ గోడపత్రికకు వ్యాసం రాసినందుకు నాకు పైసా రాదు. అయినా నిన్న అలారం మోగకముందే లేచాను.