విద్యుత్ మాండొలిన్

మన పాతబస్తీ పెండ్లి ఊరేగింపులలో మర్ఫా మ్రోఁతకు అలవడిన చెవులకు మాండొలిన్ నాదము మిక్కిలి సన్నముగాఁ దోఁచును. పాత మాండొలినునకు నాలుగు జంటలుగా ఎనిమిది తంత్రులుండును. మీటిన నాదము త్వరగా ఆఱిపోవును. జంటతంత్రులను లాగి గమకము పలికించుట కష్టము. గమకము లేనిచో కర్ణాటక రాగమునకు ప్రాణమెక్కడిది?

పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చేపట్టిన వాద్యము చిన్న విద్యుత్ గిటారువలె నుండెను. జంటలు తొలఁగి, అయిదు ఒంటితంత్రులు నిలిచెను. వాని క్రింద అయస్కాంతమును, దాని చుట్టు సన్నని రాగితీఁగె చుట్టయు నుండును. ఉక్కుతంత్రి కదలినంతనే అయస్కాంతక్షేత్రము మాఱి, చుట్టలో స్వల్పవిద్యుత్తు పుట్టును. యంత్రము దానిని పెంచి ధ్వనిగా మార్చును. కావున నాదము చాలసేపు నిలుచును. ఒక్క మీటుతోనే స్వరమునుండి స్వరమునకు జాఱవచ్చును. చూపునకు గిటారు, పనికి వీణ యనవచ్చును. 2014లో దివంగతుఁడగువఱకు ఆయన వాయించినది ఈ చిన్న వాద్యమునే.