గోదావరి కాలువలు - మితవ్యయ నిర్మాణం

గోదావరి చెంతనే ప్రవహిస్తున్నా, 1833 నాటి కరువులో డెల్టా ప్రజలెందరో ఆకలికి అసువులు బాశారు. నీరుంది, దానిని పొలాలకు చేర్చే కాలువల అల్లిక లేదు. కుంపిణీ ప్రభుత్వమా, ధనమిచ్చుటకు వెనుకాడేది. అందువల్ల 1847లో ఆనకట్టకు పూనుకొన్న ఆర్థర్ కాటన్ నదిలోని లంకలనే ఆధారం చేసుకొని, నాలుగు ఖండాలుగా గోడ కట్టించారు. ఇసుకలోనే బావులు దింపి పునాదులు వేయించారు. రాయి ధవళేశ్వరం కొండదే. 1852లో పని ముగిసింది.

ఈ పొదుపు భద్రతను హరించలేదు. నీటినంతటినీ ఒకే చోట మళ్ళించక, తూర్పు డెల్టాకు ధవళేశ్వరం, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం, మధ్య డెల్టాకు ఆత్రేయపురం సమీపాన గల బొబ్బర్లంక వద్ద వేర్వేరు తలుపులు నిర్మించారు. ఒక కాలువకు గండి పడినా తక్కిన రెండు డెల్టాలకు నీరందుతుంది. అయితే చౌక కట్టడానికి మరమ్మతుల బెడద తప్పదు. వరదలకు ఆనకట్ట పలుమార్లు దెబ్బతిన్నది. 1982 నాటికి 175 గేట్ల బ్యారేజి దాని స్థానంలో వెలసింది. కాలువల తలలు మాత్రం నేటికీ ఆ మూడు చోట్లనే ఉన్నాయి.