తుఫానుకు అందని డిస్కు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెనతో ముంచిన తుఫాను రేపల్లె, బాపట్ల ప్రాంతాలనూ దెబ్బతీసింది. ఇటువంటి తీరంలో, కంప్యూటరులో దాచిన ఆస్పత్రి రికార్డులు భద్రంగా ఉండాలంటే వాటి రెండో ప్రతి దూరాన ఉండాలి గదా! కాని కంప్యూటరుకు డిస్కును కలిపే పాత స్కజీ తీగ పొడవు మహా అయితే 25 మీటర్లు. మరెలా?

రేపల్లె నుంచి బాపట్లకు రైల్లో వెళ్లేవారు తెనాలిలో బండి మారతారు. మనిషి మారడు, బండే మారుతుంది. అలాగే 'ఈ సమాచారాన్ని ఫలానా గడిలో రాయి' అనే డిస్కు ఆజ్ఞ స్కజీ తీగ దిగి, ఇంటర్నెట్టు బండి ఎక్కుతుంది. ఇదే ఐ-స్కజీ పద్ధతి. దీని ప్రమాణం 2004లో వెలువడింది.

ఆజ్ఞను చిన్న పొట్లాలుగా కట్టి, వరుస గుర్తులు వేసి పంపుతారు. ఒకటి తప్పిపోతే మళ్లీ పంపుతారు. అవతల పొట్లాలు విప్పి, ఆజ్ఞను డిస్కుకు అందిస్తారు. కంప్యూటరుకు అది తన సొంత డిస్కులాగే కనిపిస్తుంది.

అయితే ఒక చిక్కుంది. గాజుతీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. 300 కిలోమీటర్ల తీగ గుండా ఆజ్ఞ వెళ్లి, జవాబు రావడానికి కనీసం 3 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి జవాబుకూ ఆగుతూ 1,000 ఆజ్ఞలు పంపితే ఎంతసేపు పడుతుంది? మీరే లెక్కకట్టండి. ఆగకుండా అనేక ఆజ్ఞలను వెంటవెంట ఎందుకు పంపుతారో తెలుస్తుంది.