సంగీత భోషాణానికి కొత్త ఇల్లు

ఇంటి పెద్ద కన్నుమూసిన తరువాత ఆ ఇంటిని ఖాళీ చేయడం ఏ దేశంలోనైనా బరువైన పనే. జర్మనీలో అద్దె ఇళ్లలోనే జీవితమంతా గడిపేవారు చాలా మంది ఉంటారు. వారు మరణించినప్పుడు గడువులోగా గదులన్నీ ఖాళీ చేసి తాళాలు అప్పగించవలసిన బాధ్యత పిల్లలపై పడుతుంది. గిన్నెలు, దుప్పట్లు, పుస్తకాలు నాలుగు రోజుల్లో నలుగురి చేతుల్లోకి వెళ్లిపోతాయి. చివరకు ముందు గదిలో, గోడవారగా, ఒకే ఒక వస్తువు మిగిలిపోతుంది. నడుమెత్తు ఉంటుంది, మీటరుకు పైగా పొడవు. అద్దంలా మెరిసే వాల్‌నట్ చెక్క. కదపాలంటే ఇద్దరు మనుషులు కావాలి. కొడుకు కొలతలు తీసి తన ఇంట్లో చోటు లేదంటాడు. కూతురు దాని మూతపై చెయ్యి వేసి మౌనంగా నిలబడుతుంది. ఇవ్వాలంటే తీసుకునేవారు లేరు, పారవేయాలంటే మనసు రాదు.

జర్మన్లు దానిని 'ముజీక్‌ట్రూహె' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే సంగీత భోషాణం.

భోషాణంలో ఏముంది?

ఒకే చెక్క పెట్టెలో రేడియో, రికార్డు ప్లేయరు, పెద్ద స్పీకర్లు అమర్చి ఉంటాయి. కొన్నింటిలో టేప్ రికార్డరు కూడా ఉంటుంది. రికార్డులు నిలబెట్టుకోవడానికి ఒక అర, తరంగాలను మార్చడానికి పియానో మెట్లవంటి దంతవర్ణపు మీటలు ఉంటాయి. రేడియో వేసిన వెంటనే శబ్దం రాదు. లోపలి వాల్వులు వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది. స్టేషను సరిగా కుదిరినప్పుడు ఆకుపచ్చని వెలుగుతో ఒక చిన్న గాజుదీపం ఆ సంగతి తెలియజేస్తుంది. దానికి 'మాయాకన్ను' అని పేరు.

ఇవి జర్మనీలో అంతగా వ్యాపించడానికి ఒక చారిత్రక కారణం ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, 1948లో కోపెన్‌హాగన్‌లో యూరప్ దేశాలు రేడియో తరంగాలను పంచుకున్నాయి. ఓడిపోయిన జర్మనీకి మీడియం వేవ్‌లో చాలా తక్కువ వాటా దక్కింది. ఆ లోటును పూడ్చుకోవడానికి ఆ దేశం ఎఫ్.ఎం. ప్రసారాలను ఆశ్రయించింది. 1949 నుండే అక్కడ ఎఫ్.ఎం. కేంద్రాలు పనిచేయనారంభించాయి. ఎఫ్.ఎం.లో శబ్దం స్వచ్ఛంగా వస్తుంది, దానికి తగిన స్పీకర్లు కావాలి. లేమి నుండి పుట్టిన ఈ ఏర్పాటే మేలైన రేడియోల తయారీకి ఊతమిచ్చింది.

ఫ్యుర్త్ పట్టణంలో మాక్స్ గ్రుండిగ్ యుద్ధానంతరం విడిభాగాలుగా అమ్మిన ఒక చిన్న రేడియోతో తన వ్యాపారాన్ని నిలబెట్టుకున్నాడు. దాని పేరు 'హైన్‌ట్సెల్‌మాన్'. వాల్వులు లేకుండా, కొనుగోలుదారుడే బిగించుకునే ఆటవస్తువు పేరుతో అమ్మడం వల్ల నాటి నిబంధనలు అడ్డురాలేదు. బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతపు సాబా సంస్థ 1835లో గడియారాల తయారీతో మొదలై రేడియోలకు చేరుకుంది. బెర్లిన్‌లో పుట్టిన టెలిఫుంకెన్ మరొక పెద్ద పేరు. 1958 నాటికి స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చాయి. 1963లో జర్మనీలో స్టీరియో రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో కొలువులో కుదురుకున్న కుటుంబానికి సంగీత భోషాణం ఒక గౌరవ చిహ్నం. సాయంత్రం దాని చుట్టూ ఇల్లంతా కూర్చునేది.

పరాయి దేశం నుండి వచ్చినవారికి రేడియో మరింత ఆత్మీయమైనది. 1961లో టర్కీతో కుదిరిన ఒప్పందం మేరకు వేలాది కార్మికులు పశ్చిమ జర్మనీ కర్మాగారాలకు వచ్చారు. 1964లో కోలోన్ నగర ప్రసార సంస్థ వారికోసం టర్కిష్ భాషలో కార్యక్రమం ప్రారంభించింది. ఇంటికి ఫోను చేయడం భారమైన ఆ కాలంలో, పగలంతా యంత్రాల హోరులో పనిచేసి వచ్చినవారికి సొంత భాషలో వార్తలు వినిపించడం ఎంతటి ఊరటో ఊహించవచ్చు.

విలువకు, ధరకు మధ్య

ఇంతటి వస్తువును నేడు ఎందుకు ఎవరూ తీసుకోరు? దానిలోని లోపం కంటే దాని పరిమాణమే అసలు ఆటంకం. చిన్న ఫ్లాట్లలో దానికి చోటు లేదు. పాటలు, వార్తలు చేతిలోని ఫోనులోకి వచ్చేశాయి. అది మోగే తరంగాలు కూడా తగ్గిపోతున్నాయి. జర్మనీ జాతీయ వార్తా కేంద్రం 2014 చివరన లాంగ్ వేవ్‌ను, 2015 చివరన మీడియం వేవ్‌ను ఆపివేసింది. ఎఫ్.ఎం. ఇంకా వినిపిస్తున్నా, 1950ల నాటి అనేక రేడియోల ముల్లు 100 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఆ పైనున్న కేంద్రాలు దానికి అందవు.

పైగా లక్షల సంఖ్యలో తయారైన వస్తువు అరుదైనది కాదు. 1956లో బ్రౌన్ సంస్థ పారదర్శకమైన మూతతో తెచ్చిన 'ఎస్.కె. 4' రూపకల్పనలో కొత్తదారి తొక్కినందువల్ల మ్యూజియంలకు చేరింది. సాధారణ కుటుంబపు వాల్‌నట్ పెట్టెకు ఆ భాగ్యం లేదు. అందువల్ల ధర గురించి పెద్ద ఆశలు పెట్టుకోకపోవడం మేలు. పిల్లల జ్ఞాపకాలకు సంతలో ఖరీదు కట్టేవారుండరు. ఈ నిజాన్ని ముందుగా అంగీకరించిన కుటుంబానికే తగిన మనిషి త్వరగా దొరుకుతాడు.

తొందరపడి స్విచ్ వేయరాదు

పని చేస్తుందో లేదో చూద్దామని దశాబ్దాలుగా మూలపడిన యంత్రానికి కరెంటు ఇవ్వడం చాలా మంది చేసే పొరపాటు. లోపలి పాత కెపాసిటర్లు కాలక్రమంలో చెడిపోయి కరెంటును లీకు చేస్తాయి. ఆ స్థితిలో స్విచ్ వేస్తే వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు, మంటలు కూడా రావచ్చు. లోపల 250 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు అది నిలిచి ఉండవచ్చు. కనుక వెనుక అట్టను విప్పడం వాల్వు రేడియోలు తెలిసిన మెకానిక్ చేయవలసిన పని. కరెంటు ఇవ్వకుండా ఉన్నది ఉన్నట్టు అప్పగిస్తే తీసుకునేవారికీ అదే మేలు.

మరి ఇంటివారు చేయదగినదేమిటి? వెనుక అట్టపై ఉన్న సంస్థ పేరు, మోడల్ సంఖ్య రాసుకోవాలి. పొడవు, ఎత్తు, లోతు కొలవాలి. ముందు, వెనుక, మూత తెరిచినప్పుడు ఫోటోలు తీయాలి. మెట్లున్నాయా, లిఫ్టు ఉందా అన్నది కూడా చెప్పాలి. ఎందుకంటే బరువు తరచుగా నలభై కిలోలు దాటుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, లోపాన్ని దాచకపోవడం. చెక్కపై చెమ్మ మరక, విరిగిన మీట, తెగిన తీగ, చెదల జాడ, ఏదున్నా ముందే చెప్పాలి. పని చేస్తుందో లేదో తెలియకపోతే తెలియదనే చెప్పాలి. దాచిపెట్టి అంటగట్టిన వస్తువు నెల తిరక్కుండానే చెత్తకుప్పకు చేరుతుంది. లోపం తెలిసి తీసుకున్నవాడు దానిని బాగుచేసుకోవడానికి సిద్ధపడి వస్తాడు.

ఎవరి గడప తొక్కాలి?

మొదటి దారి రేడియో ప్రేమికుల సంఘాలు. జర్మనీలో రేడియో చరిత్రాభిమానుల సంఘం 1978 నుండి పనిచేస్తోంది. అటువంటి చోట్ల అదే మోడల్ కోసం వెతుకుతున్నవారు, విడిభాగాలు ఉన్నవారు ఎదురుపడతారు. రెండవది మరమ్మతు కూటములు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన 'రిపేర్ కేఫ్' ఆలోచన జర్మనీలోనూ వేళ్లూనుకుంది. స్వచ్ఛందంగా కూర్చుని పాత వస్తువులను బాగుచేసే అనుభవజ్ఞులు అక్కడ ఉంటారు. మూడవది, వాడిన సామాను తక్కువ ధరకు అందించే సేవాసంస్థల దుకాణాలు. వృద్ధాశ్రమాలను కూడా అడిగి చూడవచ్చు. జ్ఞాపకశక్తి సన్నగిల్లిన పెద్దల కోసం వారి యౌవన కాలపు సామాగ్రితో గదులు అమర్చే ఆశ్రమాలున్నాయి. పేరు మరచిన చేతికి ఆ దంతపు మీట గుర్తుండవచ్చు.

మ్యూజియంలను అడగడంలో తప్పులేదు. అయితే వారి వద్ద అటువంటివి ఇప్పటికే ఉంటాయి కనుక కాదంటే నొచ్చుకోరాదు. ఇక లోపలి యంత్రాన్ని తీసివేసి పెట్టెను బీరువాగా మార్చుకుంటామనేవారూ వస్తారు. యంత్రం బాగుపడే స్థితిలో ఉంటే మరికొన్నాళ్లు వేచి చూడడం మంచిది. బాగుపడని పక్షంలో చెక్క ఒక ఇంటికి, వాల్వులు మరొక మెకానిక్‌కు చేరడం కూడా సద్వినియోగమే.

అప్పగించే రోజున ఒక చిన్న కాగితంపై దాని కథ రాసి లోపలి అరలో ఉంచితే బాగుంటుంది. ఏ సంవత్సరంలో కొన్నారు, ఎవరు కొన్నారు, ఏ గదిలో ఉండేది, అంతే చాలు. కొత్త యజమానికి అప్పుడది ఒక కుటుంబం అప్పగించిన అమానతు అవుతుంది.

ఈ సమస్య జర్మనీకే పరిమితం కాదు. గల్ఫ్ నుండి అబ్బాజాన్ భుజాన మోసుకొచ్చిన టేప్ రికార్డరు, నానీమా కుట్టుమిషను మన ఇళ్లలోనూ అటకపై మూలుగుతుంటాయి. పెద్దలు పోయాక వాటి కథ చెప్పేవారుండరు. వారు మన మధ్య ఉండగానే అడిగి తెలుసుకుందాం. 'దీనిని ఎవరికి ఇవ్వమంటారు?' అన్న ప్రశ్న కూడా వారినే అడుగుదాం. ఇల్లు ఖాళీ చేసే రోజున మూతపై చెయ్యి వేసి నిలబడిన కూతురికి, తండ్రి నోటి మాట ఒకటి తోడుంటే ఆ బరువు సగం తగ్గుతుంది.