సర్వజనుల తోట

హైదరాబాదులో నాంపల్లి చెంతనున్న పబ్లిక్ గార్డెన్సుకు పాతపేరు బాగే ఆమ్. ఆ పేరు విన్న తెలుగువారికి అది మామిడితోట యేమో యని తోచవచ్చును. ఉర్దూలో మామిడిపండును ఆమ్ అందురు గదా! కాని ఉర్దూ లిపిలో ఆ రెండు మాటలును వేరువేరుగా వ్రాయబడును. ఇచ్చట ఆమ్ అనగా సామాన్యజనము. కావున ఇది సర్వజనుల తోట. పేరులోనే యొక వాగ్దానము కలదు. అది యెంతవరకు చెల్లినదో తెలిసికొనగోరి నల్లకుంట నుండి బయలుదేరువారు రెండు తోటలను చూడవలెను: మొదట నాంపల్లిలోనిది, పిమ్మట ఇంటికి చేరువనున్న ఇందిరా పార్కు.

నారాయణగూడ, హిమాయత్‌నగర్, బషీర్‌బాగుల మీదుగా పోయినచో మొదటి తోట వచ్చును. చెట్లకంటె ముందుగా దృష్టి నాకర్షించునది తెల్లని శాసనసభా భవనము. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుని నలువదవ జన్మదినమునకు జ్ఞాపికగా, పౌరుల చందాలతో 1905లో దీనిని ఆరంభించిరి. 1913లో పూర్తియగునాటికి ఆ ప్రభువు గతించి రెండేండ్లు కావచ్చినది. కట్టినది టౌనుహాలుగా, అనగా నగరవాసులు కూడుకొను చావడిగా. ఊరి చావడి శాసనసభ యగుట ఒక విధముగా ఉచితమైన పరిణామమే. 1937లో ఏడవ నిజాము రజతోత్సవము జరిగిన జూబిలీ హాలు, బాలభవనము, ఈజిప్టు మమ్మీ గల ప్రదర్శనశాల కూడ ఇచ్చటనే యున్నవి. ఒకప్పుడు జంతుశాలయు నుండెను; 1963లో నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరచినపుడు మృగములు అచ్చటికి తరలినవి.

మృగములు పోయినవి, శాసనకర్తలు మిగిలిరి అని చమత్కరించువారు లేకపోలేదు. నాకు తోచు కొరత వేరొకటి. సభాభవనము చుట్టును ప్రాకారము, ద్వారమున పోలీసు కావలి. తోటలో తిరుగాడు మనుజుడు భవనమును చూడగలడే గాని, అందులోని వారికి తన మాట వినిపింపజాలడు. రక్షణకు గోడ అవసరమే. కాని చందాలిచ్చి చావడి కట్టుకొన్నవారి సంతతికి మాటాడుకొనుటకు చోటెక్కడ?

ఈ ప్రశ్నకు సముద్రములకావల నున్న వేరొక రాజధాని తనదైన సమాధానము చెప్పినది. కరిబియన్ దీవులలో ట్రినిడాడ్ ఒకటి. 1845 మొదలు 1917 వరకు భారతీయ కూలీలను చెరకుతోటలకు కొనిపోయిన దీవి యది. మద్రాసు రేవున ఓడయెక్కినవారిలో తెలుగువారును కలరు. దాని రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నడుమ ఉడ్‌ఫర్డ్ స్క్వేర్ అను చిన్న ఉద్యానము కలదు. దాని ప్రక్కవీధినే రెడ్ హౌస్ అను చట్టసభా భవనము. 1903లో నీటిపన్నుల చట్టముపై కినిసిన జనము ఈ చోటనే గుమిగూడిరి. పాత ప్రభుత్వ భవనము దగ్ధమయ్యెను, కాల్పులలో పదునార్గురు మరణించిరి. తరువాత అర్ధశతాబ్దికి ఎరిక్ విలియమ్స్ అను చరిత్రాచార్యుడు 1955లో ఇక్కడి చెట్లక్రింద నిలిచి వేలాది శ్రోతలకు వలసపాలన, బానిసత్వము, రాజ్యాంగము మున్నగు విషయములపై ఉపన్యాసము లిచ్చెను. జనులు దానికి "ఉడ్‌ఫర్డ్ స్క్వేర్ విశ్వవిద్యాలయము" అని పేరిడిరి. ఫీజు లేదు, పరీక్ష లేదు. 1962లో దేశము స్వతంత్రమైనపుడు ఆ ఆచార్యుడే ప్రధానమంత్రి. 1970లో ఆయన ప్రభుత్వమునే ఎదిరించిన యువకులు అదే తోటకు వచ్చి దానిని "ప్రజాపార్లమెంటు" అనిరి. గురువు నేర్పిన పాఠమును గురువునకే ఒప్పజెప్పిరన్న మాట!

మన నగరమున అట్టి పాత్ర బాగే ఆమ్‌కు గాక, అశోక్‌నగర్ దాపున నున్న ఇందిరా పార్కునకు దక్కినది. హుస్సేన్‌సాగరము దిగువన దాదాపు డెబ్బదియారెకరముల ఈ ఉద్యానమునకు 1975లో రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహమ్మద్ శంకుస్థాపన చేసిరి. తెల్లవారుజామున నడకకు వచ్చు వృద్ధులకు ఇది ఆరోగ్యస్థానము. ప్రక్కనున్న రహదారి మాత్రము పొద్దెక్కగానే ధర్నాచౌక్ అగును. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఒప్పంద ఉపాధ్యాయులు, రైతులు, నిరుద్యోగులు — ఎవరి గుడారము వారిది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకులకు ఇది నడచి పోదగిన దూరము. పుస్తకములోని పౌరహక్కుల అధ్యాయము వీధిలో కనబడుట విద్యార్థికి చిన్న లాభము కాదు.

చప్పుడు భరింపలేమనియు, రాకపోకలకు అడ్డమనియు పరిసరవాసులు కొందరు మొరపెట్టుకొనిరి. ఆ మొర అబద్ధము కాదు. లౌడ్‌స్పీకరు ఎదుట నివసించువానికే దాని బాధ తెలియును. ఇట్టి కారణములతోనే 2017లో ప్రభుత్వము ఇచ్చటి ధర్నాలను నిలిపి, నగరపు పొలిమేరలకు పొమ్మనెను. వినువారు లేని చోట అరచుట ఎవరికి ఉపయోగము? ఆ మే నెలలో వాదోపవాదములు ఘర్షణగా మారినవి. 2018 నవంబరులో హైకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ధర్నాచౌక్ మరల తెరచుకొన్నది. మూడేండ్లకు, 2021 నవంబరు 18వ తేదీన, వరిధాన్యపు కొనుగోలు విషయమై కేంద్రమునకు నిరసన తెలుపుటకు నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు మంత్రులతోకూడ అదే చౌకునకు వచ్చి వేదికపై కూర్చుండిరి. శాసనసభలో మాటాడుటకు సర్వాధికారము గలవారికి సైతము ఆ వీధి అవసరపడినది.